పన్నెండు వోల్టుల పాట

మా నాన్న నరసరావుపేటలో ముప్ఫై ఏళ్ళు మైకు సెట్టు నడిపాడు. ఇప్పుడాయనకు చెవులు సరిగా వినపడవు. ఈ రెంటికీ సంబంధం ఉందన్న సంగతి మా ఇంట్లో చాలాకాలం ఎవరికీ తట్టలేదు. వయసైపోయింది కదా, అనుకున్నాం.

రెండేళ్ళ కింద నేనొక పాత కారు కొన్నాను. ఊరెళ్ళినప్పుడు ఆయన్ని ముందు సీట్లో కూచోబెట్టుకుని కారెంపూడి వైపు బయల్దేరాను. పల్నాటి యుద్ధం బుర్రకథ పాత రికార్డింగు ఒకటి ఫోన్లో ఉంటే పెట్టాను. ఆయన కాసేపు తల వంచి విని, "తంబురా ఇనపడతంది, గుమ్మెట ఇనపడతంది. కథ ఇనపడట్లా" అన్నాడు. సౌండు పెంచాను. పెంచేకొద్దీ డోర్లు గజగజలాడాయి గానీ కథ మాత్రం తేటపడలేదు. "పెంచమాకురా, పగులుతంది" అన్నాడు.

పగలడం అన్నది మైకు వాళ్ళ మాట. ఆంప్లిఫయరు తన శక్తికి మించి అరవబోయినప్పుడు గొంతు చీలికలై వస్తుంది. దాన్ని వాళ్ళు పగలడం అంటారు. మాటలు వినపడని మనిషి, సౌండు పగిలిన సంగతి మాత్రం నాకన్నా ముందే పట్టుకున్నాడు.

ఆ తర్వాత నేను చేసిన పని చిన్నదే. కారుతోపాటు కంపెనీ ఇచ్చిన సెట్టును అలాగే ఉంచి, దానికి విడిగా ఒక ఆంప్లిఫయరు తగిలించడం. అయితే అది చేసే క్రమంలో, మా పల్నాటి బండ్ల మీదికి పాట ఎలా ఎక్కింది, ఎవరి కోసం ఎక్కింది అని ఆలోచించాల్సి వచ్చింది. అలా ఆలోచిస్తే తేలిందేమిటంటే, మా దగ్గర బండికి ఆంప్లిఫయరు పెట్టడం కొత్త సంగతేమీ కాదు. మొదట్లో అది బండి బయట ఉన్నవాళ్ళ కోసం పెట్టింది. లోపల కూచున్నవాళ్ళ కోసం పెట్టడమే కొత్త.

*

ముందు ఏ ఆంప్లిఫయరూ లేని కాలం సంగతి చూద్దాం.

కారెంపూడిలో నాగులేటి ఒడ్డున వీర్ల గుడి ఉంది. పన్నెండో శతాబ్దంలో జరిగిన పల్నాటి యుద్ధంలో చనిపోయిన వీరులకు అక్కడ ప్రతి ఏటా కార్తీక అమావాస్య నుంచి అయిదు రోజులు ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ రోజుల పేర్లు. ఆ కథను పాడే హక్కు వీర విద్యావంతులది. శ్రీనాథుడు పదిహేనో శతాబ్దంలో ద్విపదలో రాశాడని చెప్పే పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించాడు. కానీ కథ అచ్చులో బతకలేదు, గొంతులో బతికింది. ఆ గాయకులు మాలలు. అన్ని కులాల వాళ్ళనూ ఒకే చాప మీద కూచోబెట్టి అన్నం పెట్టాడని చెప్పుకునే బ్రహ్మనాయుడి కథను, ఊరి బయట ఉంచిన వాళ్ళే ఊరికి వినిపిస్తూ వచ్చారు. మైకు లేకుండా, పంబజోడు, తిత్తి తోడుగా, వేలమంది మధ్య.

ఎలా వినపడేది? మనకిప్పుడు ఊహకందదు గానీ, ఆ కళల నిర్మాణంలోనే దానికి జవాబుంది. బుర్రకథనే తీసుకోండి. కథకుడు ఒక మాట అంటాడు. పక్కనున్న ఇద్దరు వంతలూ దాన్ని అందుకుంటారు, ప్రశ్నిస్తారు, సాగదీస్తారు. వంత పాట అందం కోసమే అని మనం అనుకుంటాం. నాకు మాత్రం అది శబ్దశాస్త్రం కూడా అనిపిస్తుంది. ఒక్క గొంతు మూడవుతుంది. ఒకసారి అన్నమాట రెండుసార్లు అవుతుంది. వెనక వరసలో ముసలమ్మకు మొదటిసారి అందనిది రెండోసారి అందుతుంది. గుమ్మెట దెబ్బ మాట మీద పడదు, మాటకూ మాటకూ మధ్య పడుతుంది. మాటకు దారి వదలడం వాయిద్యం పని. గుంటూరు దగ్గర పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజరు, పల్నాటి యుద్ధాన్ని బుర్రకథగా చెప్పి రాష్ట్రమంతా తిరిగిన మనిషి, ఈ దారి వదలడంలో ఆరితేరినవాడు. ఆయన మైకు ముందు నిలబడే కాలానికి వచ్చేశాడు గానీ, విద్య మాత్రం మైకు లేని కాలం నాటిది.

1921, 22లో పల్నాటి అడవుల్లో పుల్లరి కట్టమని రైతులు ఎదురు తిరిగినప్పుడూ మైకు లేదు. మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరిలో పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. ఆ ఉద్యమం డప్పు మీద, నోటి మాట మీద, ఊరి నుంచి ఊరికి నడిచిన మనిషి మీద సాగింది. అప్పట్లో ఒక మాట ఎంత దూరం పోతుందన్నది ఎంతమంది దాన్ని మళ్ళీ చెప్తారన్న దాన్ని బట్టి ఉండేది.

*

మైకు వచ్చాక ఆ లెక్క మారింది. మళ్ళీ చెప్పేవాళ్ళ అవసరం లేకపోయింది.

మా వైపు ఆంప్లిఫయరు అనే మాట కన్నా ఆహుజా అనే మాటే ఎక్కువ వాడుక. 1940లో ఢిల్లీలో మొదలైన ఆహుజా రేడియోస్ వాళ్ళ సెట్లు దేశంలో ఏ మూల జాతరలోనైనా కనిపిస్తాయి. వాటిలో చాలావాటికి వెనక రెండు దారులు ఉండేవి. ఒకటి కరెంటుకు, ఇంకోటి 12 వోల్టుల బ్యాటరీకి. ఈ రెండో దారి లేకపోతే పల్నాటి చరిత్ర ఇంకోలా ఉండేదేమో. కరెంటు లేని ఊళ్ళో, ఉన్నా సాయంత్రానికి పోయే ఊళ్ళో, పెళ్ళికి పాట పెట్టాలంటే బ్యాటరీయే దిక్కు. లారీకో ట్రాక్టరుకో వాడే బ్యాటరీ, మనిషి మోయగలిగినంత బరువు. మా నాన్న దగ్గర నాలుగు ఉండేవి. రెండు పనిలో, రెండు చార్జింగు షాపులో. ఆసిడ్ పడి చిల్లులు పడ్డ లుంగీని బట్టి మైకు వాణ్ణి గుర్తుపట్టొచ్చని మా అమ్మ నవ్వేది.

బ్యాటరీ మీద నడిచే సెట్టును బండి మీద పెట్టడానికి ఇంకేం కావాలి? రిక్షా మీద పెట్టి కొత్త సినిమా వచ్చిందని చెప్పారు. ఎద్దుబండి మీద పెట్టి పెళ్ళికొడుకును ఊరేగించారు. జీపు పైకప్పు మీద ముందుకొకటి వెనక్కొకటి గొట్టాలు కట్టి ఓట్లు అడిగారు. జీపులో డ్రైవరు పక్కన ఒకడు మైకు పట్టుకుని కూచుంటే, వెనక సీట్లో మా నాన్న ఆంప్లిఫయరును ఒళ్ళో పెట్టుకుని కూచునేవాడు. గతుకుల్లో వైరు ఊడకుండా చూడ్డం ఆయన పని. మాచర్ల నుంచి గురజాల దాకా అలా ఎన్ని ఎలక్షన్లలో తిరిగాడో ఆయనకే లెక్క లేదు. ఏ పార్టీ అని అడిగితే "బ్యాటరీకి పార్టీ ఏంది?" అనేవాడు.

ఇలాంటి బండ్లన్నిటికీ పెద్దన్న చైతన్య రథం. 1982 మార్చి 29న తెలుగుదేశం పెట్టిన ఎన్.టి. రామారావు, ఒక పాత షెవర్లే వ్యానును ప్రచారానికి వీలుగా మార్పించి, పైన నిలబడి మాట్లాడేలా వేదిక, మైకు సెట్టు, దీపాలు పెట్టించుకున్నాడు. కొడుకు హరికృష్ణ దాన్ని నడిపాడు. 1983 జనవరి కల్లా ఆయన ముఖ్యమంత్రి. ఆ గెలుపుకి కారణాలు చాలా ఉన్నాయి, నిజమే. కానీ ఒక మనిషి సభాస్థలికి జనాన్ని రప్పించకుండా, సభనే బండి మీద పెట్టుకుని జనం దగ్గరికి పోవడం అనేది, కంపెనీ తయారుచేసిన బండికి విడిగా ఆంప్లిఫయరు తగిలిస్తేనే సాధ్యమైంది.

పల్నాట్లో బండి, దీపం, పాట కలిసిన అసలైన పండగ మాత్రం కోటప్పకొండ తిరునాళ్ళ. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు కదులుతాయి. ఒక్కోటి 80, 90 అడుగుల ఎత్తు. వెదురూ కర్రా కట్టి, గుడ్డలు చుట్టి, ఒకప్పుడు ఎద్దుల చేత లాగించేవాళ్ళు. ఇప్పుడు వాటిలో చాలావాటికి వేల బల్బులు, వెనక జనరేటరు, కింద బాక్సులు. 1967లో నాగార్జునసాగర్ కాలవలకు నీళ్ళు వదిలాక పత్తి, మిరప వచ్చాయి. వాటితో ట్రాక్టరు వచ్చింది. ట్రాక్టరుతో ఇంకో 12 వోల్టుల బ్యాటరీ ఊళ్ళోకి వచ్చింది. ప్రభ ఎంత ఎత్తుంటే ఊరికి అంత పరువు. సౌండు కూడా ఆ పరువు లెక్కలోకి చేరిపోయింది.

*

ఇక్కడ కాసేపు పల్నాడు వదిలి బయటికి పోవాలి. బండి లోపలి పాట మన దగ్గర పుట్టలేదు.

1930లో షికాగోలో పాల్ గాల్విన్ అనే వ్యాపారి తన కారులో రేడియో బిగించుకుని, అట్లాంటిక్ సిటీలో జరిగే రేడియో తయారీదార్ల సమావేశానికి నడుపుకుంటూ వెళ్ళాడు. ఆ రేడియోకి పెట్టిన పేరు మోటరోలా. తర్వాత కంపెనీ పేరే అదైంది. 1932లో జర్మనీలో బ్లావ్‌పుంక్ట్ వాళ్ళు కారు రేడియో తెచ్చారు. అప్పటివన్నీ వాల్వు రేడియోలు. వాల్వుకు రెండొందల వోల్టుల దాకా కావాలి. కారు బ్యాటరీ ఇచ్చేది ఆరో, పన్నెండో. దానికి ఉపాయం వైబ్రేటరు. లోపల చిన్న రేకు ఒకటి గడగడా కొట్టుకుంటూ బ్యాటరీ కరెంటును తెంపి తెంపి ఇస్తే, ట్రాన్స్‌ఫార్మరు దాన్ని పెంచి వాల్వులకు అందించేది. పాత కారు రేడియోలో పాట వెనక వినపడే గుంయ్ అనే రొద ఆ రేకుదే.

1955లో క్రైస్లర్, ఫిల్కో కలిసి పూర్తిగా ట్రాన్సిస్టర్లతో కారు రేడియో చేశాక వైబ్రేటరు అక్కర్లేకపోయింది. ట్రాన్సిస్టరుకు 12 వోల్టులు చాలు. రేడియో చిన్నదైంది, చవకైంది, రొద పోయింది. కానీ ఒక చిక్కు మిగిలిపోయింది. ఈనాటికీ కంపెనీ సెట్టు పగలడానికి కారణం అదే కాబట్టి, లెక్క చూద్దాం. పదో తరగతి లెక్కే.

బ్యాటరీని 12 అంటాం గానీ ఇంజను నడిచేటప్పుడు 14 వోల్టుల దాకా ఉంటుంది. శబ్దం ఒక అల. మధ్య గీత నుంచి పైకీ కిందికీ పోతుంది. 14ను రెండు సగాలు చేస్తే పైకి 7, కిందికి 7. అలను సగటు లెక్కకు తెస్తే సుమారు 5 వోల్టులు. స్పీకరు 4 ఓములు. అయిదైదులు పాతిక, పాతికను నాలుగుతో భాగిస్తే 6 వాట్లు. అంతే. తర్వాత స్పీకరు రెండు కొసలనూ రెండు ఆంప్లిఫయర్లతో ఎదురెదురుగా నడిపే పద్ధతి వచ్చింది. అప్పుడు అల పైకి 14, కిందికి 14. సగటు 10. పదిపదులు వంద, నాలుగుతో భాగిస్తే 25 వాట్లు. లోపలి నష్టాలు పోను నికరంగా 18 నుంచి 20. ఇంత మించి ఏ సెట్టూ నేరుగా బ్యాటరీ నుంచి ఇవ్వలేదు, అది ఎంత ఖరీదైన కారైనా సరే.

మరి పెట్టె మీద నాలుగు స్పీకర్లకూ తలా 50 వాట్లు అని రాస్తారే? అది అబద్ధం కాదు. 14 వోల్టులను తెంపు లేకుండా అట్టే స్పీకరుకు పెడితే, పద్నాలుగు పద్నాలుగులు 196, నాలుగుతో భాగిస్తే 49. అంటే, అలలో వంపు అనేదే లేకుండా గోడలాగా నిలబెడితే వచ్చే లెక్క. మైకు వాళ్ళ భాషలో చెప్పాలంటే, పూర్తిగా పగిలిపోయిన శబ్దానికి 50 వాట్లు.

ఈ గోడను దాటడానికి వోల్టులు పెంచడం ఒక్కటే దారి. 1973లో అమెరికాలో జిమ్ ఫాస్గేట్ కార్ల కోసం విడి ఆంప్లిఫయరు తయారుచేశాడు. ఇప్పటి కారు ఆంప్లిఫయర్లలో బ్యాటరీ కరెంటును ట్రాన్సిస్టర్లు క్షణానికి వేలసార్లు తెంపితే, ట్రాన్స్‌ఫార్మరు దాన్ని పెంచుతుంది. చూశారా, పాత వైబ్రేటరే మళ్ళీ వచ్చింది. రేకు బదులు ట్రాన్సిస్టరు తెంపుతోంది, అంతే తేడా. తెంపే వేగం మన చెవికి అందనంత ఎక్కువ కాబట్టి రొద వినపడదు.

*

పాటను బండి బయటి నుంచి లోపలికి తెచ్చింది క్యాసెట్టు. ఫిలిప్స్ కంపెనీ 1963లో దాన్ని బయటపెట్టింది. పల్నాడు చేరేసరికి ఆలస్యమైంది గానీ, వచ్చాక లారీ క్యాబిన్లలో, తర్వాత ట్రాక్టర్ల మీద చోటు సంపాదించుకుంది. విజయవాడ రేడియో కేంద్రం 1948 డిసెంబరు నుంచీ ఉంది. అయితే రేడియోలో వాళ్ళు పెట్టింది మనం వినాలి. క్యాసెట్టులో మనకు కావల్సింది మనం పెట్టుకోవచ్చు. రాత్రంతా మేలుకుని నడిపే డ్రైవరుకు ఆ తేడా చిన్నది కాదు.

టేపు ఇంకో పని కూడా చేసింది. 1970లలో జీన్ రోగెయిర్ అనే అమెరికన్ పరిశోధకుడు పల్నాడు వచ్చి, అలిశెట్టి గాలెయ్య పాడుతుండగా వీరుల కథను టేపుల మీదికి ఎక్కించుకున్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి అనువదించి, వ్యాఖ్యతో సహా పుస్తకంగా 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి తెచ్చాడు. చైతన్య రథం బయల్దేరిన ఏడాదే అది. ఒక యంత్రం ఒక గొంతును ఊరూరా పెంచి వినిపిస్తుంటే, ఇంకో యంత్రం ఇంకో గొంతును ఉన్నదున్నట్టు పట్టి దాచింది. రెండో పనిని మనం తక్కువగా చూస్తాం. గాలెయ్య గొంతు మైకు ముందు ఎంత గట్టిగా మోగేదో తెలీదు గానీ, ఆయన చెప్పిన కథ వివరాలు ఇవాళ మనకు మిగలడానికి కారణం, ఎవరో ఒకరు పక్కన కూచుని శ్రద్ధగా వినడం.

1983 చివర్లో మారుతి 800 వచ్చాక మధ్యతరగతి ఇంటికి కారు, కారులోకి స్టీరియో వచ్చాయి. ఆ రోజుల్లో సెట్టు బాగోలేకపోతే తీసేసి ఇంకోటి పెట్టుకోవడమే. ఇప్పుడలా కుదరదు. డాష్‌బోర్డులో అతికించిన తెర మీదే వెనక కెమెరా, ఫోను, స్టీరింగు మీద బటన్లకు దారులు, అన్నీ అందులోనే. అందుకే దాన్ని కదపకుండా, స్పీకర్లకు పోయే వైర్ల నుంచే శబ్దాన్ని తీసుకుని, విడి ఆంప్లిఫయరు ద్వారా పంపడం ఇప్పటి పద్ధతి.

*

నరసరావుపేటలో కార్లకు సెట్లు బిగించే కుర్రాడి దగ్గరికి నాన్నను తీసుకునే వెళ్ళాను.

"సబ్ ఊఫర్ ఎంత సైజు పెడదాం అన్నా?" అన్నాడు.

"సబ్ ఊఫర్ వద్దు" అన్నాను.

"బేస్ లేకపోతే ఇంక ఆంప్లిఫయర్ ఎందుకన్నా, డబ్బులు దండగ!"

నాకూ మొదట్లో అదే అనుమానం ఉండేది. వాట్లు రెట్టింపు చేస్తే శబ్దం 3 డెసిబెళ్ళు పెరుగుతుంది, అంటే చెవికి ఆనీ ఆననట్టు. చెవికి రెట్టింపు అనిపించాలంటే వాట్లు పదింతలు కావాలి. మరి 20 వాట్లను 60 చేసి ఏం సాధిస్తాం? సాధించేది గట్టిదనం కాదు, ఖాళీ జాగా. మామూలు మాట 5 వాట్లతో నడుస్తుంటే, గుమ్మెట మీద ఒక్క దెబ్బ పడ్డప్పుడు ఆ క్షణానికి 50 వాట్లు కావాల్సి రావచ్చు. 20 దగ్గర గోడ ఉంటే దెబ్బ గోడకు కొట్టుకుని పగులుతుంది. ఆ పగులులో పక్కనున్న మాట కూడా పోతుంది. ఖాళీ ఉంటే దెబ్బ దెబ్బగా, మాట మాటగా వస్తాయి. వాయిద్యం మాటకు దారి వదలాలన్న పాత నియమమే, వోల్టుల్లో.

నేను కోరింది రెండే. డోరు స్పీకర్లకు 100 హెర్ట్జుల కింది శబ్దం వెళ్ళకుండా ఆపడం ఒకటి. డోరు లోపలి రేకుకు మందంగా షీటు అంటించి, కంతలు మూయడం రెండోది. స్పీకరుకు డోరే పెట్టె. పెట్టెకు చిల్లులుంటే ముందుకొచ్చిన గాలి, వెనక్కి పోయిన గాలి కలిసి ఒకదాన్నొకటి చంపుకుంటాయి.

అప్పటిదాకా స్టూలు మీద కూచుని చూస్తున్న నాన్న, కుర్రాడు బ్యాటరీ వైరు లాగుతుంటే లేచొచ్చాడు. "ఫ్యూజు యాడ పెడతన్నావు?" అన్నాడు. డిక్కీలో, ఆంప్లిఫయరు పక్కన పెడతానన్నాడు కుర్రాడు. "అట్టా కాదబ్బాయ్. బ్యాటరీ కాడ మూరెడు లోపల పెట్టాల. మధ్యలో వైరు యాడన్నా రేకుకు తగిలిందనుకో, ఫ్యూజు ఈ కొసన ఉంటే ఏం లాభం? బండి తగలబడిద్ది." ఆ తర్వాత ఎర్తు. బోల్టు కింద రంగు గీకి, తెల్లటి ఇనుము కనపడేదాకా వదల్లేదు. కరెంటు వైరు కుడి పక్క నుంచి, పాట వైరు ఎడమ పక్క నుంచి వేయించాడు. రెండూ పక్కపక్కనే పోతే ఇంజను వేగంతోపాటు పెరిగే సన్నటి కూత పాటలో వినపడుతుంది. ఆ కూత ఇప్పుడాయనకు వినపడదు. అయినా అది ఉండకూడదు. గెయిన్ అనేది వాల్యూమ్ బటన్ కాదని, సెట్టు ఎంత ఇస్తే దానికి తగ్గట్టు సరిపెట్టే తూకమని కుర్రాడికి చెప్తుంటే, వాడు పని ఆపి వింటున్నాడు. "తాతా, మీరు యాడ చేశారు?" అన్నాడు. "జీపుల్లో" అన్నాడు నాన్న.

బిగింపు పూర్తయ్యాక అదే బుర్రకథ పెట్టాం. నాన్న కళ్ళు మూసుకుని విన్నాడు. "పగలట్లా" అన్నాడు. "కథ?" అన్నాను. "ఇంతకముందు మీద నయం. సగం ఇనపడతంది."

*

మిగతా సగం ఎందుకు వినపడదో చెవి పరీక్ష చేయించాక తెలిసింది. ఆ కాయితం మీద గీత ఒకటి ఉంటుంది. తక్కువ శ్రుతుల దగ్గర బాగానే ఉండి, 4,000 హెర్ట్జుల దగ్గర గోతిలో పడ్డట్టు కిందికి దిగింది. పెద్ద శబ్దాల మధ్య పనిచేసిన వాళ్ళకు ముందు పోయేది అక్కడే. 85 డెసిబెళ్ళ శబ్దంలో రోజుకు 8 గంటలు ఉండొచ్చంటారు. 88 అయితే 4 గంటలే. ప్రతి 3 డెసిబెళ్ళకూ వ్యవధి సగమైపోతుంది. ఆ లెక్కన 100 దగ్గర పావుగంట. గొట్టం పక్కన నాన్న కూచున్నది పావుగంటలు కాదు, ముప్ఫై ఏళ్ళ పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, ఎలక్షన్లు.

4,000 దగ్గర ఏముంటుంది? మన భాషలో అచ్చులు చాలావరకు కింది శ్రుతుల్లో ఉంటాయి. స, శ, ష, త, క లాంటి హల్లుల పదును పైన ఉంటుంది. అంటే నాన్నకు అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. మాట వచ్చిందని తెలుస్తుంది, ఏం మాటో తెలీదు. అందుకే ఆయన "ఇనపడతంది గానీ అర్థం కావట్లా" అంటాడు. మనం విసుక్కుని ఇంకా గట్టిగా అరుస్తాం. గట్టిగా అరిస్తే పెరిగేది అచ్చులే. ఊరంతా చేసేదీ అదే. బేస్ పెంచుతుంది, మాట పోతుంది.

చట్టం లేకపోలేదు. 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మైకు ఆపాలి. 2005లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా నిలబెట్టింది కూడా. అయితే ఈ చట్టాలు విననివాళ్ళ నిద్ర గురించి ఆలోచించినంతగా, మైకు పక్కన కూచునే మనిషి చెవి గురించి ఆలోచించలేదు. ప్రభల బండి పక్కన బాక్సుల దగ్గర రాత్రంతా నిలబడే కుర్రాళ్ళ చెవుల్లో దూది కూడా ఉండదు.

చెవి మిషను పెట్టుకోమని డాక్టరు చెప్పినప్పుడు నాన్న ఒప్పుకోలేదు. "ఊరందరికీ ఇనిపిచ్చినోణ్ణి నేను. నాకు మిషనా?" అన్నాడు. అంతే, ఆ మాట అక్కడితో ఆగిపోయింది.

*

కార్తీక అమావాస్యకు కారెంపూడి వెళ్ళాం. దారి పొడుగునా కథ విన్నాడు. బాలచంద్రుడు యుద్ధానికి బయల్దేరే చోట ఒకసారి ఆపి మళ్ళీ పెట్టమన్నాడు.

వీర్ల గుడి దగ్గర జనం. పాడే ఆయన ముందు మైకు, రెండు పక్కలా నిలువెత్తు బాక్సులు. పంబ మోగితే గుండె అదురుతోంది. పాట మాత్రం ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. నాకే అర్థం కాలేదు, ఆయనకేం అవుతుంది? నాన్న పాడేవాళ్ళ వైపు చూడకుండా వెనక్కి తిరిగి నిలబడ్డాడు. చివర నేల మీద కూచున్న ఆడవాళ్ళ మొహాలు చూస్తున్నాడు. తర్వాత మెల్లగా మైకు కుర్రాడి దగ్గరికి నడిచాడు. ఏదో చెప్పాడు. కుర్రాడు బేస్ బటన్ తిప్పాడు. నాన్న మళ్ళీ వెనక వరస వైపు చూశాడు. ఇంకాస్త, అని చెయ్యి ఊపాడు. అప్పుడు పాట బావిలోంచి పైకొచ్చింది. ఒక ముసలమ్మ పక్కామెకు చెబుతున్న ఏదో కబురు మధ్యలో ఆపేసి, పాడే ఆయన వైపు తిరిగింది.

"నీకు ఇనపడుతుందా నాన్నా?" అన్నాను.

"నాకు కాదురా. ఆళ్ళకి."

తిరుగు దారిలో పాట పెట్టమనలేదు. గుత్తికొండ అడ్డరోడ్డు దాటాక తనే అడిగాడు, "ఆ చెవి మిషనుకు బ్యాటరీ ఎన్ని వోల్టులు?"

"ఒకటీ పాయింట్ నాలుగు. మిరప గింజంత ఉంటది."

"అంతేనా!" అన్నాడు. చాలాసేపు కిటికీలోంచి చీకట్లోకి చూశాడు. "ఒకటీ పాయింట్ నాలుగుతో ఎట్టా పెంచుతారబ్బా? చూద్దాం, ఒకసారి తీసుకెళ్ళు" అన్నాడు.